‘డు’ కొట్టేసి ‘రాలు’

జనగామ గ్రంథాలయంలో ఒక పాత రిజిస్టరు ఉంది. ఎవరూ చదవక తీసేయాల్సిన పుస్తకాల వివరాలు అందులో రాస్తారు. ఒక పేజీలో, ఒక పుస్తకం పేరుకు ఎదురుగా, రెండు మాటలను కొట్టేసి దిద్దిన గుర్తులున్నాయి. ప్రతి దిద్దుబాటు పక్కనా ఒక పొట్టి సంతకం. ఈమధ్య నేను వెళ్లినప్పుడు కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ అమ్మాయి ఆ పేజీ తీసి చూపించింది.

“ఎవరో సారు తొందర్ల తప్పు రాసి మళ్ల దిద్దుకున్నట్టున్నడు, మేడం.”

“తొందరల కాదమ్మా. నేను దగ్గరుండి దిద్దించిన” అన్నాను.

ఆ అమ్మాయి నన్నూ రిజిస్టరునూ మార్చి మార్చి చూసింది. సంగతంతా చెప్పాను. విన్నాక, “జర రాసి పెట్టుండ్రి మేడం. రేపు నేను బదిలీ అయిపోతే గీ ముచ్చట చెప్పేటోళ్లే ఉండరు” అంది. మాట నిజమే. దిద్దుబాటు కాగితం మీద ఉంది, దాని కారణం మాత్రం నా తలలో ఉంది. కారణం కూడా కాగితం మీదికి రావాలని రాస్తున్నాను.

ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు వేర్వేరు జిల్లాల్లో ఉన్నాయి. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో మూడూ ఒకే జిల్లాలోవి. నాకు అవి మూడు డిపోలు. నేను ప్రభుత్వ బస్సులో కండక్టర్‌ని. రఘునాథపల్లి దగ్గరి పల్లెలో పుట్టి, ఇంటర్ దాకా చదివి, పెళ్లయ్యాక ఈ ఉద్యోగంలో చేరాను. జనగామ డిపోలో ఉన్నప్పుడు పొద్దుటి ట్రిప్పుకీ మధ్యాహ్నం ట్రిప్పుకీ మధ్య గంటకు పైగా ఖాళీ దొరికేది. మిగతావాళ్లు రెస్ట్ రూములో నడుం వాల్చేవారు. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని గ్రంథాలయానికి నడిచేదాన్ని.

మొదట కథలు, తర్వాత నవలలు, ఆ తర్వాత చేతికందినవన్నీ చదివాను. తెలుగు అలమారాలు అయిపోయాక కింది అరలో, కిటికీ పక్కన, ఎర్ర అట్ట పుస్తకం కనిపించింది. ఇంగ్లీషు తెలిసినవాళ్లకు స్పానిష్ నేర్పే వాచకం. ఎవరో పుణ్యాత్ములు తమ ఇంటి పుస్తకాలతో కలిపి ఇచ్చేశారట. పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. అప్పటి లైబ్రేరియన్ సారు రిటైర్మెంటుకు దగ్గరగా ఉన్న పెద్దాయన. కళ్లజోడు నుదుటికెత్తి చూశాడు.

“గది తీస్కపోనీకి రాదు బిడ్డా. రిఫరెన్సు బుక్కు. ఈడ కూసోని చదువుకో. నేనొచ్చినకాడికెల్లి దాన్ని ముట్టినోళ్లు లేరు.”

స్పానిష్ ఎందుకని తర్వాత చాలామంది అడిగారు. అది అక్కడ ఉంది, ఎవరూ ముట్టలేదు. నాకు ఆ కారణం సరిపోయింది.

మొదటి పాఠంలో నాలుగు మాటలున్నాయి. ‘ఎల్ ఓంబ్రే’ అంటే పురుషుడు. ‘లా ముఖేర్’ అంటే స్త్రీ. ‘లా కాసా’ అంటే ఇల్లు. ‘లా మెసా’ అంటే బల్ల. ఆ భాషలో ప్రతి నామవాచకానికీ ముందు ‘ఎల్’ గానీ ‘లా’ గానీ ఉంటుంది. ఆ నాలుగూ చూసి నేను వెంటనే సూత్రం పట్టేశాను. మగవాడికి ‘ఎల్’, మిగతా అన్నిటికీ ‘లా’. మన తెలుగులాగే ఉందే అని సంబరపడ్డాను. మనకూ అంతే కదా. ఆయన వచ్చాడు. ఆమె వచ్చింది. ఇల్లు వచ్చింది, బల్ల వచ్చింది. స్పెయిన్ వాళ్లు మన దగ్గరివాళ్లే అనుకుని నోటుబుక్కులో రెండు పేజీల నిండా నాకు తెలిసిన మాటలన్నిటికీ ‘లా’ తగిలించాను.

మూడో పాఠంలో ‘ఎల్ లిబ్రో’ వచ్చింది. పుస్తకం అట. పుస్తకానికి ‘ఎల్’ ఏమిటి? అచ్చుతప్పు అనుకున్నాను. పెన్సిలు తీసి ‘ఎల్’ను కొట్టేసి పైన ‘లా’ అని రాశాను. కింద ‘ఎల్ త్రెన్’, రైలు. దాన్నీ దిద్దాను. పక్క పేజీలో ‘ఎల్ పాన్’, రొట్టె. దాన్నీ. గ్రంథాలయ పుస్తకంలో రాయకూడదని తెలుసు. అయినా తప్పును తప్పుగా వదిలేస్తే తర్వాత చదివేవాళ్లు చెడిపోతారని నా బాధ. అట్లా పదకొండు చోట్ల దిద్దాక పెన్సిలు ఆగింది. ఒక పుస్తకంలో ఇన్ని అచ్చుతప్పులుంటాయా?

ఆ మధ్యాహ్నం బస్సులో మా డ్రైవరుతో చెప్పాను. నాకన్నా పెద్దవాడు. ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, బయట మాలాగే తెలుగు. నేను భాయ్ అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు.

“భాయ్, గా భాషల బల్ల ఆడదట, పుస్తకం మొగోడట. ఏమన్న న్యాయమేనా?”

“కితాబ్ మొగోడా? తప్పు. కితాబ్ ఆడదే. ‘కితాబ్ అచ్ఛీ హై’ అంటం గని ‘అచ్ఛా’ అంటమా?”

“నీకెట్ల తెలుసు?”

“ఎట్ల తెలుసుడేంది? అమ్మీ నోట్లకెల్లి వచ్చింది. కుర్సీ ఆడది. దర్వాజా మొగోడు. చాయ్ ఆడది, పానీ మొగోడు.” గేరు మార్చి, అద్దంలో నన్ను చూసి నవ్వాడు. “మీ తెలుగే గమ్మతి చెల్లె. మొగోడు వచ్చిండు. ఆడమనిషి వచ్చింది. బస్సు వచ్చింది. బర్రె వచ్చింది. అంటే మొగోడొక్కడే మనిషి, మిగిలిందంత సామానా?”

ముందు సీట్లలో కూర్చున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. నాకు మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టయింది. జవాబు తోచలేదు. టికెట్లు కొడుతూ వెనక్కి వెళ్లిపోయాను.

ఆ మర్నాడు గ్రంథాలయంలో రబ్బరు పట్టుకుని పదకొండు ‘లా’లనూ చెరిపేశాను. గీతల చారలు పోలేదు. సారుకు చూపించి తప్పు ఒప్పుకున్నాను. “మంచిదే, పుస్తకాన్ని ఎదిరించినవంటే చదువుతున్నవన్నట్టే” అన్నాడు ఆయన.

రెండో తప్పు ఆ తర్వాత చేశాను. భాయ్ చెప్పిన మాటలు పట్టుకుని, ‘ఆ’తో ముగిస్తే మగది, ‘ఈ’తో ముగిస్తే ఆడది అనుకుని పాఠాలు చదవసాగాను. దర్వాజా, రస్తా, కమ్రా అట్లాగే ఉన్నాయి కదా. కానీ స్పానిష్‌లో ‘ఆ’తో ముగిసేవి చాలావరకు ఆడవి, ‘ఓ’తో ముగిసేవి మగవి. దర్వాజా వాళ్ల దగ్గర ‘లా పుఎర్తా’. భాయ్‌కి చెబితే, “అచ్చంగ ఉల్టా ఉన్నది గదా! అయితే ఇంకేంది, నన్నడుగు, దాన్ని ఉల్టా రాసుకో” అన్నాడు. మూడు రోజులు నిజంగానే అట్లా రాసుకున్నాను. కుర్సీ ఉర్దూలో ఆడది, వాళ్ల ‘సీయా’ కూడా ఆడదే. ఉల్టా సూత్రం అక్కడ కూలిపోయింది.

చివరికి నాకు దారి చూపింది నా బస్సే. బస్సులో ముందు వరుసలు స్త్రీలకు, వెనక వరుసలు పురుషులకు. రోజూ నేను చేసే పని అదే. ఎక్కినవాళ్లను ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చోబెట్టడం. మాటలనూ అట్లాగే ఎక్కించుకున్నాను. బల్ల, తలుపు, కిటికీ, ఇల్లు ముందు సీట్లలో. పుస్తకం, రైలు, టికెట్టు, ఈల వెనక సీట్లలో. ప్రతి మాటనూ ఒక సీటులో మనిషిలా కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని టికెట్లు కొడుతున్నట్టు ముందు నుంచి వెనక్కి నడిచేదాన్ని. మొండి ప్రయాణికులూ ఉండేవారు. ‘మపా’ అంటే పటం. చివర ‘ఆ’ ఉంది కనుక దర్జాగా ఆడవాళ్ల సీట్లో కూర్చుంటాడు, కానీ అతను మగవాడు, ‘ఎల్ మపా’. రోజు అనే అర్థమున్న ‘దియా’ అంతే, భాష అనే అర్థమున్న ‘ఇదియోమా’ అంతే. “లెవ్వుండ్రి, లేడీస్ సీటు” అని వాళ్లను రోజూ లేపేదాన్ని. చెయ్యి అనే అర్థమున్న ‘మనో’ మాత్రం చివర ‘ఓ’ పెట్టుకుని వెనక నిలబడి ఉండేది. “అమ్మా, ముందుకు రా” అని పిలిచి సీటిచ్చేదాన్ని. ఆ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. నేను కనిపెట్టుకున్నదే.

ఒక పొరపాటు మాత్రం ఏడాది మోశాను. నన్ను నేను ‘కొందుక్తోరా’ అని చెప్పుకునేదాన్ని. కండక్టర్‌కు ఆడ రూపం అదేనని నా ధీమా. వెనక ఉన్న పదకోశం చూస్తే దాని అర్థం బండి నడిపే ఆమె. టికెట్లిచ్చే ఆమె ‘కొబ్రదోరా’.

“అంటే ఏడాది సంది నువ్వే డ్రైవర్‌వా?” అన్నాడు భాయ్. “మరి నేనేంది చెల్లె, స్టెప్నీ టైరా?”

ఈలోగా తెలంగాణ ఉద్యమం ముదిరింది. బస్టాండు ముందు దీక్షా శిబిరం, రోడ్ల మీద వంటావార్పు, రోజు విడిచి రోజు బందు. నన్ను మహబూబాబాద్ డిపోకు మార్చారు. పుస్తకం జనగామలో ఉండిపోయింది. వారానికి ఒక సెలవు. ఆ రోజు పొద్దున ప్యాసింజరు బండెక్కి కాజీపేట మీదుగా జనగామకు వచ్చి, పుస్తకంలో నాలుగైదు పేజీలు నోటుబుక్కులోకి ఎక్కించుకుని, సాయంత్రం బండికి తిరిగి వెళ్లేదాన్ని. రైళ్లు ఆపిన వారం వెళ్లలేకపోయేదాన్ని. అయినా రాసుకున్నది వల్లె వేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

బస్సులు పూర్తిగా ఆగిపోయిన సమ్మె రోజుల్లో మేమంతా మహబూబాబాద్ శిబిరంలో కూర్చున్నాం. పాటల మధ్య ఖాళీలో నేను నోటుబుక్కు తీసేదాన్ని.

“ఏందక్కా, స్పెయినోళ్లతోని గూడ మద్దతు లెటర్ రాయిపిస్తవా?” అని ఒక మెకానిక్ తమ్ముడు.

“రాయిపిస్త. ముందుగాల నువ్వు సమ్మెను వాళ్ల భాషల ఏమంటరో నేర్చుకో. లా వెల్గా.”

“వెలుగా?”

“వెల్గా. ఆడది.”

“మరింకేంది, సమ్మె ఆడదైతే ఆగుతదా!” అంది పక్కన కూర్చున్న స్వీపరమ్మ. శిబిరమంతా చప్పట్లు కొట్టింది. ఆ రోజంతా మా టెంటులో ‘లా వెల్గా’ జిందాబాద్.

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలైన కొన్నాళ్లకు జనగామ నుంచి సారు ఫోన్ చేశాడు. గొంతు ఎప్పటిలా లేదు.

“బిడ్డా, ఎవ్వరు చదవని పుస్తకాలు ఏరేసి కాగితాలోళ్లకు ఇస్తరట. బేస్తవారం ఆఫీసరొస్తుండు. ఎర్రట్ట పుస్తకం గూడ లిస్టుల ఎక్కింది.”

“నేను చదువుతున్న గద సారూ!”

“చదువుతున్నవని యాడ రాసున్నది? ఇంటికి ఇచ్చే పుస్తకమైతే తేదీ ముద్రలుంటుండె. గిది రిఫరెన్సు. చిట్టి ఉత్తదే ఉన్నది.”

నేను మూడేళ్లు చదివిన చదువుకు ఎక్కడా సాక్ష్యం లేదు. నా నోటుబుక్కులోకి అప్పటికి సగం పుస్తకమే ఎక్కింది. మిగతా సగం పొట్లాలు కట్టే కాగితం కాబోతోంది. నా తర్వాత ఎవరైనా ఆ కింది అరకు వంగితే వాళ్లకు అక్కడ ఏమీ ఉండదు. తోటి కండక్టర్ అక్కతో సెలవు మార్చుకుని బేస్తవారం పొద్దుటి బండి ఎక్కాను. రాత్రి డ్యూటీ దిగి బట్టలు మార్చుకునే తీరిక లేక యూనిఫాం మీదే వెళ్లాను.

నేను చేరేసరికి పుస్తకాలు కట్టలు కట్టి గుమ్మం దగ్గర పెట్టారు. ఆఫీసరు గారు కోస్తా నుంచి వచ్చినవారు. మర్యాదస్తులే. సారు నన్ను చూపించి, “గీ బిడ్డనే సార్, నేను చెప్పిన పాఠకురాలు” అన్నాడు.

ఆయన నా ఖాకీ చొక్కా చూసి సందేహంగా నవ్వారు. “స్పానిష్ మీరు చదువుతున్నారా అమ్మా? ఏమీ అనుకోకండి, ఇక్కడ తెలుగే ఒక రకంగా మాట్లాడతారు కదా. ఇంక అదెక్కడ పలుకుతుంది?”

ఆ మాట మేము సినిమాల్లో చాలాసార్లు విన్నదే. కోపమొచ్చింది. సారు దిగులుగా నా వైపు చూశాడు. కోపం చేస్తే పుస్తకం పోతుంది. మింగేశాను.

“పలికేది ఎందుకు సార్, అడుగుండ్రి. వెనక పదాల లిస్టు ఉంటది. ప్రతి మాట పక్కన ఆడదో మగదో రాసుంటది. గది చేత్తోని మూసి మాట ఒక్కటి చదువుండ్రి. ఆడదైతే చివర సాధారణంగ ‘ఆ’ ఉంటది, మగదైతే ‘ఓ’. కాని అన్ని అట్ల ఉండవు.”

ఆయన కుర్చీ లాక్కున్నారు. కట్టలు కడుతున్న మనిషి కూడా పని ఆపి నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకుని నా బస్సెక్కాను.

కిటికీ అడిగారు. ముందు సీటు, లా. చెట్టు. వెనక, ఎల్. పువ్వు. ముందు, లా. చెయ్యి అడిగారు. “లా మనో. చివర ఓ ఉన్నా ఆడదే సార్.” ఆయన వేలు పక్కకు జరిపి చూశారు. ఇంకో రెండు అడిగారు. తర్వాత పాలు. ‘లెచే’. నేను తడబడ్డాను. భాయ్ వాళ్లింట్లో దూద్ అచ్ఛా, అంటే మగది. ఎల్ అన్నాను.

“తప్పు” అన్నారాయన. “స్త్రీలింగం.”

సారు ముఖం వాడిపోయింది. “తప్పే సార్. దిద్దుకుంట” అన్నాను. ఆయన ఉత్సాహంగా పేజీ తిప్పారు.

“మపా.”

“ఎల్.”

“ఇదిగో, మళ్లీ దొరికారు! చివర ‘ఆ’ ఉంటే స్త్రీలింగమని ఇందాక మీరే అన్నారు.”

“వేలు తీసి చూడుండ్రి సార్.”

ఆయన వేలు తీశారు. పక్కన పుంలింగమని ఉంది. నేను గోడ వైపు చూపించాను. ఎవరో చదువుకునే పిల్లలు అంటించిన తెలంగాణ పటం అక్కడ ఉంది. “గదే సార్, ఎల్ మపా. ఆడోళ్ల సీట్ల కూసున్న మొగోడు. రోజు లేపుత.” ఆయన గట్టిగా నవ్వేశారు. కట్టలు కట్టే మనిషి కూడా నవ్వాడు.

నవ్వుతూనే పేజీలు తిరగేసి, చెరిపిన పెన్సిలు చారల దగ్గర ఆగారు. “ఇదేమిటి, పుస్తకం మీద రాశారా?”

“రాసిన. అచ్చుతప్పులనుకొని దిద్దిన. తప్పు నాదని తెలిసి చెరిపిన.”

ఆయన చారలు లెక్కపెట్టారు. “పదకొండు చోట్ల?”

“పదకొండు చోట్ల సార్.”

“ముద్రలు లేకపోతేనేం,” అన్నారాయన సారుతో, “చదివారనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?” కలం తీసి రిజిస్టరులో రాశారు. సారు నా వైపు తిప్పి చూపించాడు. ‘పాఠకుడు ఉన్నాడు. ఉంచవలెను.’

పుస్తకం బతికింది. దండం పెట్టి వచ్చేయవచ్చు. కానీ ఇంతసేపూ ఒక్కో మాటనూ సరైన సీట్లో కూర్చోబెట్టి, నేను మాత్రం తప్పు సీట్లో కూర్చుని దిగిపోనా?

“సార్, గిందుల ఒక తప్పున్నది.”

“ఏమిటి?”

“పాఠకుడు కాదు సార్. పాఠకురాలు.”

సారు కంగారుగా నన్ను చూశాడు. ఆఫీసరు గారు రాసింది మళ్లీ చదివి, “నిజమే. అలవాటులో రాసేశాను” అంటూ ‘డు’ కొట్టేసి ‘రాలు’ రాశారు. పక్కన సంతకం పెట్టారు. “ఉన్నాడు కూడా మార్చాలి కదా. ‘ఉన్నారు’ అని రాయనా, గౌరవంగా ఉంటుంది?”

భాయ్ మాట అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్లుగా తోచని జవాబు నోటికొచ్చింది.

“‘ఉన్నది’ అనే రాయుండ్రి సార్. మా దిక్కు అమ్మ గూడ వచ్చింది అంటం, అవ్వ గూడ వచ్చింది అంటం. తక్కువ చేసి కాదు. వాన వచ్చింది, పొద్దు పొడిసింది, బస్సు వచ్చింది. మొగోడు ఒక్కడే ఒక దిక్కు. లోకమంత మా దిక్కే ఉన్నది.”

ఆయన ‘ఉన్నది’ అని రాసి రెండో సంతకం పెట్టారు. ఆ రెండు మాటల కథ ఇదే.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని పాలను వెనక సీటు నుంచి లేపి ముందుకు తెచ్చాను. ఆ తర్వాత భూపాలపల్లి డిపోకు మారాను. అక్కడ గని కార్మికుల బస్సులో బొగ్గును వెనక, గనిని ముందు కూర్చోబెట్టాను. రాష్ట్రం వస్తుందన్న వార్త వచ్చిన రోజు బస్సు నడిరోడ్డు మీద ఆగింది, అందరూ రంగులు చల్లుకున్నారు. రాష్ట్రం స్పానిష్‌లో ‘ఎల్ ఎస్తాదో’, వెనక సీటు. తెలంగాణ అనే మాట ఆ పుస్తకంలో లేదు. చివరి అక్షరం చూసి, నా అధికారంతో, ముందు సీటు ఇచ్చాను. పుస్తకం మొత్తం ఎత్తి రాయడం భూపాలపల్లిలో ఉండగానే, సెలవులకు జనగామ వచ్చి, పూర్తి చేశాను.

పేర్లు రాయకపోయినా తమను తాము గుర్తుపడతారని వీరికి నా కృతజ్ఞతలు చెబుతున్నాను. తన బల్ల మీద నాకు చోటిచ్చిన లైబ్రేరియన్ సారుకు. నా తెలుగును ఆటపట్టించి నాకు తెలుగు నేర్పిన డ్రైవర్ భాయ్‌కి, ఆయనకు ఉర్దూ నేర్పిన అమ్మీకి. బేస్తవారం నా డ్యూటీ మోసిన మహబూబాబాద్ అక్కకు. సమ్మె ఆగదని చెప్పిన స్వీపరమ్మకు. ఆ వాచకాన్ని దానం చేసినవారెవరో, వారికి. ఈ కారణాన్ని కాగితం మీద పెట్టించిన కొత్త లైబ్రేరియన్ అమ్మాయికి. తన తప్పును తన చేత్తోనే కొట్టేసి, ఒకసారి కాదు, రెండుసార్లు సంతకం పెట్టిన ఆ ఆఫీసరు గారికి.